‘ఒక్క వారం వచ్చిపోతే ఏమవుతుంది?’ అని అడిగే పెద్దలకు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముహూర్తాలు పెట్టే పెద్దలకు, శుభాశుభాలకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదని లెక్క చూసే బంధుమిత్రులకు నమస్కారం.

2025 వేసవిలో మా అమ్మ పోయింది. పెద్దకర్మ నాడు భోజనాల పందిట్లో, అమెరికాలో ఉండి రాలేకపోయిన మా అమ్మాయి గురించి నడిచిన మాటలు నా చెవిన పడ్డాయి. విస్తరి ముందు కూర్చున్నవాళ్లతో వాదించడం మర్యాద కాదని అప్పుడు ఊరుకున్నాను. ఆ తర్వాత కావలిలో ఒక సీమంతంలో, ఒంగోలులో ఒక గృహప్రవేశంలో వేరే ఇళ్ల పిల్లల గురించి అవే మాటలు విన్నాను. ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని తెలిసింది కాబట్టి పేరుపేరునా కాకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

‘అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల, ఆఖరి చూపుకు కూడా రాలేదు’ అన్నారు. ‘టికెట్టుకు డబ్బుల్లేని వాళ్లా?’ అన్నారు. ‘అల్లుడొక్కడే వచ్చాడంటే లోపల ఏదో ఉంది’ అని ఒకావిడ, గొంతు తగ్గించానని అనుకుంటూ అందరికీ వినపడేలా అన్నది. వీటన్నిటికీ మీద ఒక ప్రశ్న: ‘ఒక్క వారం వచ్చిపోతే ఏమవుతుంది?’

ఏమవుతుందో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, అంచెలంచెలుగా తప్ప చెప్పడం చేతకాదు.

మా అమ్మాయి విద్యార్థి వీసా మీద అమెరికా వెళ్లి ఎం.ఎస్. చదివింది. ఉలవపాడు వైపు కుటుంబంలోని అబ్బాయితో పెళ్లయింది. అతను చిన్నతనంలోనే అక్కడికి వెళ్లి ఆ దేశ పౌరుడయ్యాడు. పెళ్లయ్యాక రెండు దరఖాస్తులు వేశారు. ‘ఈమె నా భార్య’ అని భర్త వేసేది ఒకటి, దాన్ని ఐ-130 అంటారు. ‘నేను ఇక్కడే ఉంటాను, శాశ్వత నివాసం ఇవ్వండి’ అని భార్య వేసేది రెండోది, అది ఐ-485. చిక్కంతా ఈ రెండోదానితోనే. అది తేలకముందు, ముందుగా అనుమతి తీసుకోకుండా ఆమె దేశం దాటిందా, ఆ దరఖాస్తును తనంతట తానే వదులుకున్నట్టు చట్టం లెక్క వేస్తుంది. అమ్మమ్మ పోయిందనో, నాన్నకు గుండెనొప్పి వచ్చిందనో తర్వాత చెప్పుకుంటే వినేవాళ్లు ఉండరు. కట్టిన 1,440 డాలర్లు తిరిగి రావు.

భర్త వేసిన మొదటి దరఖాస్తు మాత్రం బతికే ఉంటుంది. అంతవరకు నయమే. కానీ ఇక ఆమె కందుకూరులో మా ఇంట్లో కూర్చుని మొదటి నుంచి ఎదురుచూడాలి. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద అమెరికా కాన్సులేటు ఉన్నా, శాశ్వత నివాస వీసాకు ఇంటర్వ్యూ ముంబయిలో జరుగుతుంది. కాగితాలన్నీ పంపి, అవి సరిపోయాయని అక్కడివాళ్లు ఒప్పుకుని, ముంబయి నుంచి పిలుపు వచ్చేదాకా భర్త అక్కడ, భార్య ఇక్కడ. ఈలోగా ఆమె ఉద్యోగం ఎవరూ అట్టిపెట్టరు. వారం అనుకుని బయలుదేరిన ప్రయాణం ఎన్ని నెలలకు తేలుతుందో చెప్పగలిగినవాళ్లు నాకు కనబడలేదు.

‘పాస్‌పోర్టులో వీసా ఉంది కదా, గడువు కూడా ఉంది కదా’ అని మా మరిది అడిగాడు. చదువుకున్నవాళ్లను కూడా తప్పుదారి పట్టించే మాట ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను. విద్యార్థి వీసా ఇచ్చేది చదువు ముగించుకుని తిరిగి వెళ్లిపోతానని చెప్పినవాళ్లకు. మా అమ్మాయి ఇక్కడే ఉండిపోతానని సంతకం పెట్టి దరఖాస్తు వేసింది. మళ్లీ విమానాశ్రయంలో అదే పాత ముద్ర చూపించి చదువుకోవడానికి వచ్చానని ఎలా చెబుతుంది? చెప్పినా అధికారి ముందు కంప్యూటర్లో ఆమె వేసిన ఐ-485 కనబడుతూనే ఉంటుంది. గడువు మిగిలి ఉందన్న మాటేగాని ఆ ముద్ర ఇప్పుడు ఎందుకూ కొరగాదు.

అనుమతి ఎందుకు తీసుకోలేదంటారా? దానికి వేరే దరఖాస్తు ఉంది, ఐ-131. మంజూరైతే వచ్చేదాన్ని అడ్వాన్స్ పెరోల్ అంటారు. ఒకప్పుడు ఐ-485తో పాటు వేస్తే దీనికి విడిగా రుసుము ఉండేది కాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి విడిగా 630 డాలర్లు కట్టాలి. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ‘ఇప్పట్లో ఎక్కడికి వెళ్తాం, తర్వాత చూద్దాం’ అనుకునేది ఇక్కడే. వేసినా నెలలు పడుతుంది. దరఖాస్తు వేసి విమానం ఎక్కితే చాలదు, పత్రం చేతికి వచ్చాకే ఎక్కాలి. చేతిలో ఉన్నా, తిరిగి వెళ్లినప్పుడు లోపలికి రానిచ్చేదీ లేనిదీ విమానాశ్రయంలోని అధికారి నిర్ణయమే.

అత్యవసరమైతే త్వరగా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. దగ్గర్లోని వలస కార్యాలయంలో అపాయింట్‌మెంటు సంపాదించి, రుజువులు పట్టుకుని వెళ్లాలి. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల విచక్షణ. మా అమ్మాయి ఆ ప్రయత్నమూ చేసింది. అడ్డం పడింది అక్కడివాళ్లని మీరు అనుకుంటే పొరపాటు. ఆ కథ మన ఊళ్లోనే జరిగింది, వినండి.

అమ్మ ఆసుపత్రిలో ఉండగానే డాక్టరుగారి ఉత్తరం ఒకటి పంపమని పిల్ల అడిగింది. మందుల చీటీ వెనక రెండు ముక్కలు గిలికి ఇచ్చారు. రోగి పూర్తి పేరు లేదు, తారీఖు లేదు, పరిస్థితి విషమంగా ఉందన్న మాట లేదు. మళ్లీ అడిగితే ‘డాక్టరుగారు నెల్లూరు వెళ్లారు, రేపు రండి’ అన్నారు. ఆ రేపటికి అమ్మ లేదు. ఇక మరణ ధ్రువపత్రం. అది వచ్చింది కానీ ఆధార్‌లో అమ్మ పేరు ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంది. సుబ్బమ్మ, వెంకటసుబ్బమ్మ ఒకరేనని మన వీధిలో అందరికీ తెలుసు, కాలిఫోర్నియాలో కూర్చున్న అధికారికి ఎలా తెలుస్తుంది?

ఆమె ఈ పిల్లకు అమ్మమ్మ అని రుజువు చేయాలంటే రెండు ముడులు వేయాలి. పిల్లకు నేను తల్లినని ఒకటి, నాకు ఆమె తల్లి అని ఇంకొకటి. మొదటిది సులువే, అమ్మాయి జనన ధ్రువపత్రం ఉంది. నాకు జనన ధ్రువపత్రం ఏదీ? నా తరంలో ఇంట్లో పుట్టినవాళ్ల జననాలు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. నా పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నది నాన్న పేరు ఒక్కటే. జననం నమోదు కాలేదని ఒక ధ్రువపత్రం తెచ్చుకుని, తెలిసిన పెద్దవాళ్ల చేత ప్రమాణపత్రాలు రాయించి జతచేయవచ్చని తర్వాత తెలిసింది. ఆ పని చావు ఇంట్లో కూర్చుని మూడు రోజుల్లో అయ్యేది కాదు.

దీని మీద జిల్లాల గొడవ ఒకటి. నేను పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మా అమ్మాయి పుట్టింది ప్రకాశం జిల్లాలో. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. అమ్మమ్మ, తల్లి, మనవరాలు ముగ్గురూ ఒకే ఊరివాళ్లు, కాగితాల మీద చూస్తే జిల్లాలు మారుతూ వచ్చాయి. ఎవరూ అడగకముందే ఆ సంగతి ఒక కాగితం మీద వివరించి పెట్టమని అక్కడి లాయరు చెప్పాడట. ఆయన దూరదృష్టికి మెచ్చుకోవాలి.

పైగా తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదం సరిగ్గా, సంపూర్ణంగా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని చేసినవాళ్లు సంతకం పెట్టాలి. ఇవన్నీ సమకూరేసరికి పదకొండో రోజు దాటింది. అప్పుడు బయలుదేరి చేసేది ఏముందని పిల్లే విరమించుకుంది.

అల్లుడి సంగతి. అతని చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంది, మన దేశం రావడానికి ఓసీఐ కార్డు ఉంది. అతన్ని ఆపేదేమీ లేదు. భార్య రాలేదు కాబట్టే, తన అమ్మమ్మ కాకపోయినా, సెలవు పెట్టుకుని చెన్నైలో దిగి, అక్కడి నుంచి కారులో తెల్లవారేసరికి మా ఇంటికి వచ్చాడు. పీటల మీద మా అన్నయ్య పక్కన కూర్చున్నాడు. అంత మర్యాద చేసిన పిల్లవాణ్ణి చూసి ‘లోపల ఏదో ఉంది’ అన్నారు. ఆ మాట వియ్యాలవారి ఊరు చేరడానికి ఒక పూట పట్టింది. ఆ సాయంత్రమే ఉలవపాడు నుంచి మా వియ్యపురాలు ఫోను చేసి ‘వదినా, పిల్లలు బాగానే ఉన్నారు కదా?’ అని అడిగారు. దీని మీద ఇంతకంటే రాస్తే నా నోరు మంచిగా ఉండదు.

ఇక మీకు చెప్పాల్సిన రెండో మాట. దరఖాస్తు నడుస్తున్న ప్రతివాళ్లూ కదలకూడదని కూడా అనుకోకండి. హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్లకు, హెచ్-4 మీద ఉండే వాళ్ల భార్యలకు లేదా భర్తలకు, అలాగే కంపెనీ బదిలీ మీద వెళ్లే ఎల్ వీసాల వాళ్లకు మినహాయింపు ఉంది. ఆ వీసా చెల్లుబాటులో ఉండి, అదే హోదాలో తిరిగి వెళ్తే ఐ-485 పోదు. అందుకే ‘ఫలానావాళ్ల అబ్బాయి గ్రీన్‌కార్డు రాకముందే రెండుసార్లు వచ్చాడు, మీ అమ్మాయి ఎందుకు రాదు?’ అని పోల్చడం అర్థంలేని పని. ఆ అబ్బాయి దారి వేరు, ఈ పిల్ల దారి వేరు.

ఆ అబ్బాయి దారి కూడా పూలబాట కాదు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. మన దేశంలో పుట్టిన ఇంజినీర్లు ఏళ్ల తరబడి వరుసలో ఉండేది అందుకే. పాస్‌పోర్టులో హెచ్ వీసా ముద్ర గడువు తీరితే ఇక్కడ ఇంటర్వ్యూకు వెళ్లి కొత్తది వేయించుకోవాలి. 2025 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తుందా? హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సామాజిక మాధ్యమాల ఖాతాలు కూడా పరిశీలిస్తామని ఇంటర్వ్యూలు ఒక్కసారిగా నెలల తరబడి వాయిదా వేశారు. పెళ్లిళ్లకని వచ్చినవాళ్లు తిరుగు టికెట్టు పట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. మాకు తెలిసిన ఇంట్లో ‘పోనీలే, ఇంకో నాలుగు నెలలు మన దగ్గరే ఉంటాడు’ అని తల్లి సంబరపడింది, కొడుకు రాత్రిళ్లు లేచి అక్కడి ఆఫీసు వేళల ప్రకారం పని చేశాడు.

ఇంకా కొందరుంటారు, వాళ్లు మనకు చెప్పరు. ఉద్యోగం పోయి, లేదా ఏదో కాగితం గడువు దాటి, హోదా లేకుండా కొంతకాలం ఉన్నవాళ్లు. 1996లో తెచ్చిన చట్టం ప్రకారం అలా 180 రోజులు దాటి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. అక్కడ భర్త పౌరుడైనా, భార్య పౌరురాలైనా సరే, మాఫీ కోసం వేరే పోరాటం చేయాలి. మన దేశపు దంపతులు ఒకరు ఇలాంటి స్థితిలోనే అడ్వాన్స్ పెరోల్ తీసుకుని, వయసు మళ్లిన తల్లిదండ్రులను చూసుకోవడానికి వచ్చి వెళ్లారు. తర్వాత పదేళ్ల నిషేధం మీకు వర్తిస్తుందని ప్రభుత్వం అడ్డం తిరిగింది. 2012లో వలస అప్పీళ్ల బోర్డు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది, అనుమతి పత్రంతో వెళ్లి రావడాన్ని ఆ నిషేధం తెచ్చిపెట్టే నిష్క్రమణగా లెక్కించకూడదని. ఆ తీర్పు వల్ల ఎందరో ఊపిరి పీల్చుకున్నారు. గమనించండి, ఆ దంపతుల్ని కాపాడింది చేతిలోని పత్రమే. అది లేకుండా వచ్చి ఉంటే ఆ తీర్పు వాళ్లకు అక్కరకు వచ్చేది కాదు. ఇలాంటి స్థితిలో ఉన్న పిల్లవాణ్ణి పదిమందిలో వీడియో కాల్‌లో పెట్టి ‘ఎప్పుడొస్తున్నావురా?’ అని అడగడం ఎంత నరకమో ఆలోచించండి.

అమెరికా ఒక్కటే ఇలా అనుకోకండి. బ్రిటన్‌లో ఉంటూ వేసిన నివాస దరఖాస్తు తేలకముందు దేశం దాటితే దాన్ని వెనక్కి తీసుకున్నట్టే. ఆస్ట్రేలియాలో భాగస్వామి వీసా కోసం ఎదురుచూసేవాళ్లకు ఇచ్చే బ్రిడ్జింగ్ వీసా ఎ, బయటికి అడుగుపెట్టగానే చెల్లకుండా పోతుంది. ప్రయాణం చేయాలంటే ముందుగా బి రకం అడిగి తెచ్చుకోవాలి. కెనడాలో లోపల ఉండి వేసే పద్ధతిలో, వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వకపోతే దరఖాస్తే ప్రమాదంలో పడుతుంది.

మాలకొండ స్వామిని శనివారం తప్ప చూడలేం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లం తరతరాలుగా ఆ నియమానికి తలవంచి శనివారమే కొండెక్కుతున్నాం. మంగళవారం కుదిరింది, ఒక్కసారి తలుపు తీయమని ఎవరూ పూజారితో పేచీ పెట్టుకోరు. పరాయి దేశపు తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన పిల్లలే కావాలని ఆగిపోయారని ఎందుకు అనుకుంటాం?

‘ఒక్కగానొక్క కొడుకు, తండ్రికి తలకొరివి పెట్టడానికైనా రావద్దా?’ అని మీరు అడుగుతారని తెలుసు. ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. అంతా పోయినా సరే వెళ్తానని అతను అనుకుంటే, అది అతని హక్కు. అలా వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ నిర్ణయం అతను, అతని భార్య, వాళ్ల లాయరు కలిసి తీసుకోవాలి. ఫ్రీజర్ బాక్సు పక్కన నిలబడి ఫోనులో ఏడుస్తూ, కేకలు వేస్తూ మనం తీసుకునేది కాదు. తమ్ముడు, మనవడు, అల్లుడు, కూతురు నిప్పు పెట్టిన చితులు మన ఊళ్లలో లేవా? బ్రాహ్మణుణ్ణి అడిగితే దారి చెబుతారు. అడగకుండా శరీరాన్ని మూడు రోజులు ఉంచింది మనమే.

కోరేది పెద్దదేమీ కాదు. శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందు, విదేశంలో ఉన్న పిల్ల ఏ కాగితం మీద ఉందో ఒక్కమాట అడగండి. దరఖాస్తు నడుస్తోందని చెబితే అనుమతి పత్రం ఎప్పటికి వచ్చేలా ఉందో తెలుసుకుని, వీలైతే దాన్నిబట్టి నెల చూసుకోండి. వీలుకాకపోతే పెళ్లి చేసేయండి, ఎవరూ కాదనరు, నింద మాత్రం వేయకండి. అరవై దాటిన ప్రతి ఇంట్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకంలో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. జనన ధ్రువపత్రాలు లేని నా తరం వాళ్లు ఆ నమోదు కాలేదన్న పత్రం తెచ్చుకుని బీరువాలో పెట్టుకోండి. పెళ్లి నమోదు చేయించండి. మరణం జరిగితే 21 రోజుల్లోపు నమోదు చేయించాలన్నది 1969 నాటి చట్టం, విదేశాల్లో బిడ్డలున్న ఇంట్లో అన్ని రోజులు ఆగవద్దు.

డాక్టర్లకు ఒక విన్నపం. పిల్లలు విదేశంలో ఉన్నారని ఇంటివాళ్లు ఉత్తరం అడిగినప్పుడు ఆసుపత్రి పేరున్న కాగితం మీద, ఇంగ్లీషులో, రోగి పూర్తి పేరు, జబ్బు, ప్రస్తుత పరిస్థితి, తారీఖు, మీ సంతకం, ముద్ర, ఫోను నంబరు ఉండేలా రాసివ్వండి. పది నిమిషాల పని. వీసాల పని చూసిపెడతామని బోర్డులు కట్టుకున్నవాళ్లకైతే విన్నపం లేదు. ‘ఏం కాదండీ, వచ్చేయమనండి’ అని ధైర్యం చెప్పేముందు, పిల్ల అక్కడే చిక్కుకుపోతే ఖర్చు మీరు భరిస్తామని రాసిస్తారా?

వచ్చే శ్రావణంలో మా అన్నయ్య కొడుకు పెళ్లి. మా అమ్మాయి ఈసారి ఐ-131 వేసింది, ఇంకా రాలేదు. వస్తే వస్తుంది. రాకపోతే తను చేయాల్సిన లాంఛనాలు మా చెల్లెలి కూతురు చేస్తుంది, అన్నయ్య, వదిన ఒప్పుకున్నారు. ఈలోగా ‘వస్తున్నావా, వస్తున్నావా’ అని ఆ పిల్లకు ఎవరూ ఫోను చేయవద్దు. అడగాలనుంటే నాకు చేయండి. పగలంతా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
కందుకూరు నుంచి ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని